గుర్రాన్ని గురువుగా నమ్మిన మనిషి

గుర్రమనగానే మనకు గుర్తొచ్చేవి రేసులు, సినిమాల్లో దౌడు తీసే సైన్యాలు. రౌతు చెయ్యి కదిలినట్టు కూడా కనపడకుండా, కొరడా దెబ్బ లేకుండా గుర్రం చేత తాళం తప్పని అడుగులు వేయించే విద్య ఒకటుంది. దాని పేరు డ్రెస్సాజ్. 1912 నుంచి ఒలింపిక్స్‌లో దీనికి పోటీ కూడా ఉంది. ఆ విద్యకే జీవితం ధారపోసిన మహానుభావుడు ఆలోయిస్ పోడ్‌హైస్కీ.

ఆయన 1898లో, అప్పట్లో ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యం కింద ఉన్న మోస్తార్ పట్టణంలో పుట్టాడు. తండ్రి సైనికాధికారి. కొడుకూ అశ్వికదళంలోనే చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి సామ్రాజ్యం ముక్కలైపోయింది గాని, ఆయన గుర్రాల్ని మాత్రం విడిచిపెట్టలేదు. 1930ల్లో వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో చేరి విద్యార్థిగా మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకున్నాడు. అక్కడ కొత్త రౌతుకి కళ్ళెం ఇవ్వరు, రికాబులూ ఉండవు. పొడుగుతాడు మీద గుండ్రంగా తిరిగే గుర్రం వీపున నిలకడగా కూర్చోవడమే తొలిపాఠం!

ఇందులో మన ఫిజిక్సు కూడా ఉందండోయ్. నిలబడ్డ గుర్రం బరువులో ఇంచుమించు 60 శాతం ముందుకాళ్ళ మీదే పడుతుంది. ఆ భారాన్ని కొద్దికొద్దిగా వెనక్కాళ్ళ మీదికి మళ్ళించడమే ఈ శిక్షణ సారాంశం. కండరాలు బలపడాలంటే ఏళ్ళు పడుతుంది, అడ్డదారి లేదు. మా ఇళ్ళల్లో కోడెల్ని కాడికి అలవాటు చేసేటప్పుడూ ఇంతే గదా! ములుకోలతో పొడిస్తే కోడె నడుస్తుంది గాని మనిషిని నమ్మదు. పోడ్‌హైస్కీ పద్ధతి కూడా ఓర్పే. బాగా చేసిన గుర్రానికి ఒక చక్కెర ముక్క, అలిసిన గుర్రానికి విశ్రాంతి. రేసులకు పనికిరాదని పక్కన పెట్టిన నీరో అనే గుర్రాన్ని అలాగే తీర్చిదిద్ది, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం సాధించాడు.

1938లో ఆస్ట్రియాని జర్మనీ కలిపేసుకుంది. స్కూలు జర్మన్ సైన్యం చేతికి పోయింది. 1939లో ఆయన డైరెక్టరయ్యాడు. యుద్ధం ముదిరాక ఈ స్కూలుకి ఆధారమైన లిపిట్సానర్ జాతి ఆడగుర్రాల్ని, పిల్లల్ని బొహీమియాలోని హోస్టౌకి తరలించారు. 1945లో వియన్నా మీద బాంబులు పడుతుంటే మగగుర్రాల్ని ఎగువ ఆస్ట్రియాలోని సెయింట్ మార్టిన్‌కి చేర్చడానికి ఈయన నానా తంటాలు పడ్డాడు.

కోట్లమంది చచ్చిపోతున్న యుద్ధంలో గుర్రాల కోసం ఇంత ఆరాటమా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఇది పుస్తకంలో దాచిపెట్టుకునే విద్య కాదు. ముసలి గుర్రం కుర్ర రౌతుకి నేర్పుతుంది, ముసలి రౌతు కుర్ర గుర్రానికి నేర్పుతాడు. ఆ గొలుసులో ఒక్క తరం తెగితే వందల ఏళ్ళ విద్య మళ్ళీ రాదు. ఆయన కాపాడాలనుకున్నది ఆ గొలుసునే.

1945 మే 7న అమెరికా జనరల్ ప్యాటన్ సెయింట్ మార్టిన్‌కి వచ్చాడు. ఆయనా గుర్రపు మనిషే, 1912 ఒలింపిక్స్‌లో పాల్గొన్నవాడు. ఓడిపోయిన పక్షం అధికారి గెలిచిన జనరల్ ముందు గుర్రాల ప్రదర్శన ఇచ్చాడు. చివర్లో తానే స్వయంగా గుర్రమెక్కి వచ్చి, టోపీ తీసి, స్కూలుని కాపాడమని అర్థించాడు. ప్యాటన్ సరేనన్నాడు. హోస్టౌని అంతకు కొద్దిరోజుల ముందే, ఏప్రిల్ 28న, అమెరికన్ దళాలు పట్టుకుని ఉన్నాయి. ఆ మే నెలలోనే ఆస్ట్రియా ఆడగుర్రాలు వెనక్కి వచ్చేశాయి.

అయినా సొంత గూటికి చేరడానికి మరో పదేళ్ళు పట్టింది. స్కూలు వెల్స్ పట్టణంలో తలదాచుకుని 1955లో గాని వియన్నా చేరలేదు. ఈలోగా ఆయన 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వారీ చేశాడు, 1950లో గుర్రాల్ని అమెరికా తీసుకెళ్ళి ప్రదర్శించాడు. పదవి విడిచాక తన గుర్రాలే తన గురువులని పేరు పెట్టి పుస్తకం రాశాడు. 1973లో వియన్నాలో కన్నుమూశాడు.

బలవంతుడు గుర్రాన్ని లొంగదీయగలడు. ఓర్పున్నవాడే దాని చేత నాట్యం చేయించగలడు. లాబొరేటరీలో గాని, పొలంలో గాని, ఏ పనికైనా ఈ సూత్రం వర్తిస్తుందని నా నమ్మకం.