కొండరెడ్ల ఆప్తుడు హైమెండార్ఫ్

మా కోరుకొండ మీదుగా గోకవరం, రంపచోడవరం వెళ్ళే బాటలో మన్యపు కొండలు ఎదురవుతాయి. వాటికి ఆవల గోదావరికి ఇరువైపులా పాపికొండలు నిలిచి ఉన్నాయి. అచ్చట తరతరాలుగా నివసించిన కొండరెడ్లను విద్యాలోకానికి పరిచయం చేసిన మహనీయుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. మన పొరుగు అడవితో ముడిపడిన ఆయన చరిత్రను విద్యార్థుల ముందుంచడం మా కర్తవ్యమని భావిస్తున్నాము.

హైమెండార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. మానవశాస్త్రం అభ్యసించి, మొదట నాగా కొండలలో పరిశోధన సాగించారు. 1939లో ఆయన మరల భారతదేశానికి వచ్చిన తరుణంలో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ఆయన వద్ద ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. అందువలన బ్రిటిషు ప్రభుత్వం ఆయనను హైదరాబాదు సంస్థానానికే పరిమితం చేసింది. ఆ నిర్బంధమే గిరిజనుల పాలిట వరమైంది. సతీమణి ఎలిజబెత్‌తో కలసి ఆయన నల్లమల చెంచుల నడుమ, తరువాత 1941లో గోదావరి తీరపు కొండరెడ్ల నడుమ నివసించారు.

కొండరెడ్లు మామిడి కొత్త పండుగ జరిపి దేవతకు నివేదించనిదే కొత్త కాయను నోట పెట్టరు. అందువలన లేత కాయ కోతకు గురికాక చెట్టు మీదనే ముదురుతుంది. జీలుగు చెట్టు వారికి ఆకలి రోజులలో ఆదుకునే కల్పవృక్షం. పోడు కొట్టిన నేలను కొన్నేళ్ళకు విడిచి, దానిని తిరిగి అడవికే అప్పగించేవారు. విల్లంబులతో వేటాడినా అది ఇంటి కూటి కొరకే.

వర్తకుల తీరు వేరు. కలప, వెదురు కూపులు వారి చేతిలో ఉండేవి. అప్పులలో చిక్కిన రెడ్లు తమ విత్తనాల వేళను సైతం వదులుకొని స్వల్పమైన కూలికి ఆ కూపులలో గొడ్డలి పట్టవలసి వచ్చేది. అడవిని ఆచారంతో కాపాడిన చేతులే అప్పు కొరకు దానిని నరికాయి. వెదురు అడవిదున్నకు మేత. ఆ కొండలను ఆంగ్లేయులు అడవిదున్న పేరుతోనే పిలిచేవారు. 1945లో వెలువడిన హైమెండార్ఫ్ గ్రంథం ఆ పేరునే ధరించింది.

ఆయన గ్రంథరచనతో ఊరకుండలేదు. నిజాం ప్రభుత్వానికి నివేదికలు సమర్పించి, గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశారు. ఆదిలాబాదు గోండులకు భూమి పట్టాలు దక్కడానికి తోడ్పడ్డారు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఏర్పాటు చేయించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, అటుపై లండన్‌లోను ఆచార్యులై, 1995లో పరమపదించారు. 1987లో మరణించిన సతీమణి సమాధి మార్లవాయిలోనే ఉన్నది. 2012లో ఆయన చితాభస్మం కూడా ఆమె చెంతకు చేరింది.

2008లో పాపికొండలు జాతీయ ఉద్యానవనమయ్యాయి. వన్యప్రాణులకు రక్షణ లభించడం సంతోషమే. కాని పోలవరం ముంపు వలన దేవీపట్నం ప్రాంతంలో అనేక గిరిజన గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఊరు చెదిరిన చోట కొత్త పండుగ ఎవరు చేయాలి? ఆ ఆచారం తెలిసిన వృద్ధులు నేటికీ మన సంతలకు వస్తూనే ఉన్నారు. వారిని పలకరించి, వారి విద్యను వ్రాసి ఉంచడమే ఆ ఆచార్యునికి మన విద్యార్థులు అర్పించగల నిజమైన నివాళి.