రాబర్టు డి నోబిలి యను తత్త్వబోధకస్వామి చరిత్రము

ఒక దేశమున బుట్టిన ధర్మబోధ మఱియొక దేశమునకు బోవునపుడు, ఆ దేశపు అన్నపానములును వేషభాషలును గూడ దానివెంట బోవలసినదేనా? లేక బోధ మాత్రము పోయి, తక్కినవి వెనుక నిలిచిపోవచ్చునా? నాలుగువందల యేండ్లకు పూర్వము మధురాపురమునందు ఇటలీదేశస్థు డొకడు ఈ ప్రశ్నమునకు తన జీవితముచేతనే ప్రత్యుత్తర మిచ్చెను. అందు మెచ్చదగినదియు గలదు, మెచ్చరానిదియు గలదు. ఉభయపక్షముల వాదమును వినక తీర్పు చెప్పరాదని న్యాయస్థానములయందు నేర్చినవారము గావున, రెంటిలో దేనిని దాచక చదువరుల యెదుట నుంచుచున్నాము.

రాబర్టు డి నోబిలి 1577వ సంవత్సరమున ఇటలీదేశమున గొప్ప కులీనవంశమున జన్మించెను. క్రైస్తవపండితులలో పేరెన్నికగన్న కార్డినల్ బెల్లార్మిను వానికి బంధువు. ఐశ్వర్యమును పదవియు వానికై కాచియుండగా, ఇంటివారి యిష్టమునకు వ్యతిరేకముగా యేసుసభయందు జేరి, హిందూదేశమునకు బోవ గోరి, 1605వ సంవత్సరము మే నెలలో గోవారేవున దిగెను. కొచ్చియందును, ముత్యములు దీయు పరవలు నివసించు సముద్రతీరమునందును కొంతకాల ముండి, 1606వ సంవత్సరము నవంబరు నెలలో మధుర చేరెను. అప్పటికి వాని వయస్సు 29 ఏండ్లు.

మధుర యానాడు తెలుగు నాయకరాజుల రాజధాని. వీథులయందు తమిళము, ఆస్థానమున తెలుగు, పండితసభలయందు సంస్కృతము వినబడుచుండెను. అచ్చట గొంజాలో ఫెర్నాండెజ్ అను పోర్చుగీసు సన్న్యాసి 1595వ సంవత్సరము మొదలు కాపురముండి, పాఠశాలను వైద్యశాలను నడుపుచుండెను. పూర్వము సైనికుడుగా నుండిన యాతడు సరళహృదయుడు, కష్టజీవి. అయినను, సముద్రతీరమునుండి వచ్చిన పరవలు దక్క, మధురాపురవాసి యొక్కడును వాని బోధను స్వీకరింపలేదు.

దీని కారణము నోబిలి కొలదికాలములోనే కనుగొనెను. పోర్చుగీసువారిని ఆ దేశస్థులు పరంగు లనిరి. పరంగి యనగా గోమాంసమును దిని, మద్యమును ద్రావి, శౌచమెఱుగనివా డని వారి భావము. క్రైస్తవమతమున జేర వచ్చినవానిని, పరంగికులమున జేర నీకు సమ్మతమా యని మతాచార్యులే యడుగుచుండిరి! అట్లడుగుటవలన దైవమునకు శరణుజొచ్చుటయు, పోర్చుగీసువారి కులమున గలియుటయు నొక్కటే యని జనులకు దోచెను. వారు నిరాకరించినది యేసుక్రీస్తు బోధను గాదు. అది వారి చెవిని బడనేలేదు.

అంతట నోబిలి తన పైయధికారుల యనుమతిని బడసి, ఫెర్నాండెజ్ గృహమును విడిచి, వేఱుగా నొక కుటీరమున నివసింప జొచ్చెను. నల్లని యంగీని విసర్జించి కాషాయమును, పాదుకలను ధరించెను. మాంసమును మద్యమును మాని, బ్రాహ్మణుడు వండిన అన్నమును శాకములను దినమున కొక్కమారు భుజించెను. తాను పరంగిని గాననియు, రోమునగరమున రాజవంశమున బుట్టి సన్న్యసించినవాడ ననియు బ్రకటించెను. జనులు వానిని తత్త్వబోధకస్వామి యని పిలిచిరి.

వేషముతో నిలిచిపోయినచో నీ మనుష్యుని చరిత్ర మింతగా వ్రాయవలసిన పని లేదు. అతడు తమిళమును, తెలుగును, సంస్కృతమును అభ్యసించెను. శివధర్ముడను ఆంధ్రబ్రాహ్మణుడు, విదేశీయునికి వేదవిద్య నొసంగినచో దనకు గలుగు నపాయము నెఱిగియు, రహస్యముగా వానికి బోధించెను. సంస్కృతమునందు నిజమైన పాండిత్యము సంపాదించిన యూరోపీయులలో నోబిలియే ప్రథము డని పండితులు సాధారణముగా నెంచుదురు. అతడు తమిళమున జ్ఞానోపదేశము, ఆత్మనిర్ణయము మొదలగు గ్రంథములను రచించెను. పోర్చుగీసు శబ్దములను జనుల నోట బలవంతముగా బెట్టక, కోవెల, పూజ, వేదము, గురువు, ప్రసాదము అను దేశీయపదములనే గైకొని వానికి తన యర్థమును గల్పించెను. ఇచ్చటి పండితులతో వాదింప గోరువాడు మొదట వారియొద్ద శిష్యుడై కూర్చుండవలె నని యతడు గ్రహించెను. పునర్జన్మాదివిషయములయందు మన పూర్వుల సిద్ధాంతములను ఖండించెను గాని, చదువక ఖండింపలేదు.

తన శిష్యులలో ద్విజులైనవారు యజ్ఞోపవీతమును, శిఖను, చందనమును, స్నానాదికములను విడువ నక్కఱలేదని యతడు చెప్పెను. ఇది ఫెర్నాండెజునకు దుస్సహమయ్యెను. 1610వ సంవత్సరమున నాతడు పైయధికారులకు ఫిర్యాదు వ్రాసెను. జందెమును శిఖయు విగ్రహారాధనకు సంబంధించిన చిహ్నము లనియు, నోబిలి స్వజనులను నిరాకరించుచున్నా డనియు ఆరోపణములు. దూరమునుండి వినిన బెల్లార్మిను సయితము మొదట నొచ్చుకొని, సంగతి యెఱిగినపిదప సమాధానపడెను. నోబిలి ప్రత్యుత్తరముగా 1613వ సంవత్సరమున లాటినుభాషలో దీర్ఘమైన వాదగ్రంథమును వ్రాసెను. ఈ చిహ్నములు మతసంబంధమైనవి గావు, లోకములో నంతస్తును దెలుపు లౌకికచిహ్నములు మాత్రమే యనుట యందలి ముఖ్యవాదము. 1619వ సంవత్సరమున గోవాయందు జరిగిన సభలో ఆర్చిబిషప్పు వానికి విరోధముగా నిలిచెను. తుదకు 1623వ సంవత్సరము జనవరి 31వ తేదీని పోపు పదునైదవ గ్రెగొరీ శాసనము వెలువరించి, జందెమును శిఖను అనుమతించెను. అభియోగమున నోబిలి గెలిచెను.

కాని చదువరులారా! ఆ వాదముననే యొక దోషము గర్భితమై యుండెను. జందెము లౌకికచిహ్నమైనచో, దానిని ధరించినవానికిని ధరింపరానివానికిని మధ్య నుండు దూరమును లౌకికమే యగును. దానిని గూడ నట్లే యుండనియ్యవచ్చును. నోబిలి యట్లే చేసెను. అగ్రవర్ణములవారి ప్రార్థనామందిరము వేఱు, పరవలును తక్కువగా నెంచబడిన తక్కినవారును బోవు మందిరము వేఱు అయ్యెను. తనతోడి క్రైస్తవసన్న్యాసియైన ఫెర్నాండెజునకును దనకును నడుమ గూడ లోకమున కగపడునట్టి యెడము నుంచవలసివచ్చెను. వానికి జయము నిచ్చిన పోపుశాసనమే, ఉన్నతకులజులు దీనులను, ముఖ్యముగా దేవాలయమునందు, తృణీకరింప వలదని వేడుకొనుచు ముగియుట గమనింపదగినది. ఆ లోపము రోమునకు గూడ గనబడెను.

నోబిలికిని కనబడకపోలేదు. బ్రాహ్మణసన్న్యాసి వేషము అగ్రహారపు ద్వారమును దెఱచి, మాలపల్లె ద్వారమును మూసినది. అందుచేత 1640వ సంవత్సరమున బల్తజారు డా కోస్తా యనువాడు పండారముల వేషమును ధరించి, తక్కువజాతులవారి నడుమ బనిచేయ బ్రారంభించెను. ఆ మార్గమున చేరిన దీనజనులసంఖ్య అగ్రవర్ణముల సంఖ్యను మించిపోయెను. ఆ సంవత్సరముననే నోబిలి మధురయందు కారాగృహము పాలయ్యెను. వృద్ధుడై, చూపు దాదాపుగా బోయినపిదప, పైయధికారుల యాజ్ఞచే మొదట యాళ్పాణమునకును, పిదప మైలాపురమునకును బంపబడెను. అచ్చట నియమభంగము లేక జీవించుచు, 1656వ సంవత్సరము జనవరి 16వ తేదీని దేహము చాలించెను. ఇటలీకి మరల బోనేలేదు.

పదునెనిమిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి యేసుసభవారు ఈ పద్ధతినే యవలంబించి తెలుగుసీమ బ్రవేశించిరి. పిమ్మట ఈ ఆచారములపై మరల వివాదము రేగి, 1704వ సంవత్సరమున పుదుచ్చేరియందును, 1744వ సంవత్సరమున రోమునందును నిషేధాజ్ఞలు పుట్టెను. ఆచారములలో బెక్కు తొలగెను గాని, క్రైస్తవులలో కులభేదము తొలగలేదు. ఒకే మందిరమున నడుమ గోడ గట్టుకొనిన గ్రామములు తమిళదేశమున నుండెను.

మా తీర్పు ఇది. పరదేశపు టంగీని విడిచి, పరుల భాషను నేర్చి, వారి శాస్త్రములను గౌరవముతో జదివిన నోబిలి సత్యబోధకులకెల్ల నాదర్శము. తోడిమానవుని దూరముగా నుంచు నాచారమును దుస్తులతోపాటు లెక్కించుట వాని దోషము. ఈ దోషము వాని యొక్కనిదే యని మనము నిశ్చింతగా నుండరాదు. బంధుజనుల కోపమునకు వెఱచి, పంక్తిభేదము లౌకికమే కదా, కాలక్రమమున నదియే పోవునని మనసును సమాధానపఱచుకొనువారు మనలోనే గలరు. నోబిలియు నట్లే తలచెను. ఆ కాలక్రమము వచ్చులోపల నెన్ని తరములవారు వాకిట నిలిచిపోయిరో యెంచుకొని, మన యింటి పంక్తినుండియే పని నారంభింతము గాక!