మోటారుబండికి స్వరము నొసంగిన పాల్ గాల్విన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇల్లినాయ్ రాష్ట్రమునందు హార్వర్డు అను చిన్న పట్టణ మొకటి గలదు. పేరు విని చదువరులు పొరబడరాదు. ఇది లోకప్రసిద్ధమైన విశ్వవిద్యాలయమున్న స్థలము గాదు, పొలముల నడుమ రైళ్లాగు ఊరు మాత్రమే. పాల్ విన్సెంట్ గాల్విన్ ఇచ్చట 1895వ సంవత్సరము జూన్ నెలలో జన్మించెను. పదుమూడేండ్ల ప్రాయమున నతడు రైలుస్టేషనులో ప్రయాణికులకు మొక్కజొన్న పేలాలమ్మి చిల్లరడబ్బులు గడించుచుండెను. రైలాగునది కొన్ని నిమిషములే. ఆలోపల కిటికీనుండి కిటికీకి పరుగెత్తి సరకు చేతికందించి రొక్కము పుచ్చుకొనవలెను. కొనువాడు తనకడకు వచ్చునని కూర్చుండక వాడున్న తావునకే సరకును గొనిపోవలెనన్న సంగతి ఈ బాలునకు అచ్చటనే తెలిసినదని నాకు దోచుచున్నది. ఇరువదేండ్లు దాటినపిదప ఆ విద్యయే యతని గట్టెక్కించెను.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున రెండేండ్లు చదివి, పట్టము పుచ్చుకొనకయే విడిచి, మొదటి ప్రపంచయుద్ధకాలమున సైన్యమందు చేరి ఫిరంగిదళములో అధికారిగా నుండెను. యుద్ధానంతరమున దశాబ్దకాలపు కథ యంతయు పరాజయముల కథయే. 1921లో ఎడ్వర్డు స్టువర్టు అను మిత్రునితో గూడి విస్కాన్సిన్ రాష్ట్రమందలి మార్ష్‌ఫీల్డులో బ్యాటరీల కర్మాగారము నెలకొల్పెను. అది 1923లో మూతబడెను. అంతట చికాగో నగరమునకు బోయి ఎమిల్ బ్రాక్ అను మిఠాయి కర్మాగారాధిపతియొద్ద కార్యదర్శిగా కుదిరెను. 1926లో మరల స్టువర్టుతో గలిసెను. ఈ పర్యాయము వారు చేసిన వస్తువునకు బ్యాటరీ ఎలిమినేటరని పేరు. ఆ దినములలో రేడియోలు బ్యాటరీలపై నడచుచుండెడివి. ఆ బ్యాటరీలు మాటిమాటికి నీరసించుచుండెడివి. ఈ పెట్టె నమర్చినచో రేడియో ఇంటి కరెంటుపైననే నడచును. వస్తువు మంచిదే కాని వ్యాపారము నిలువలేదు. 1928లో ఆస్తి వేలమునకు వచ్చెను. తాను పాలుపంచుకొని చేసిన వస్తువును గాల్విన్ తానే వేలములో 750 డాలర్లకు పాడుకొనెను.

ఆ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన తమ్ముడగు జోసెఫ్‌తో గూడి చికాగోలో గాల్విన్ మాన్యుఫాక్చరింగ్ కార్పొరేషన్ అను సంస్థను స్థాపించెను. పేరు పెద్దది, పనివారైదుగురు. మొదటి వారపు జీతముల మొత్తము 63 డాలర్లు. పైగా వారు నమ్ముకొన్న ఎలిమినేటరునకు కాలము చెల్లుచుండెను. ఏలయన, నేరుగా ఇంటి కరెంటుపై నడచు రేడియోలు అంగళ్లకు వచ్చుచుండెను. అందుచే అన్నదమ్ములు రేడియో పెట్టెలనే చేసి, ఇతర వర్తకులు తమతమ పేర్లతో అమ్ముకొనుటకు ఇచ్చుచుండిరి. 1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల విపణి కూలిపోగా ఆ వర్తకులును చేతులెత్తిరి. మూడవ పరాజయము వాకిట నిలిచినది. గాల్విన్‌కు భార్యయు, చిన్నవాడగు కుమారుడును గలరు.

అట్టి సమయమున, కొందఱు పనివాండ్రు ధనికుల మోటారుకార్లలో రేడియోలను ఒక్కొక్కటిగా అమర్చి పెద్ద వెల పుచ్చుకొనుచున్నారని అతడు వినెను. బండి కొన్నవాడు దానిని విడిపించి, బండిని చేసినవారు తలపెట్టని వస్తువొకటి అందులో చేర్పించుకొనుటకు సిద్ధపడుచున్నాడన్నమాట. ఇట్టిదానిని సామాన్యునకందు వెలకు చేయగలిగినచో బ్రతుకవచ్చునని గాల్విన్ నిశ్చయించెను. అతనికి తోడ్పడినవారిలో ఇరువురను పేర్కొనవలెను. విలియం లియర్ రేడియో సాంకేతిక విద్యలో మిక్కిలి నేర్పరి; ఎల్మర్ వేవరింగ్ యువకుడు. వీరు 1930వ సంవత్సరారంభమున గాల్విన్‌యొక్క స్టుడిబేకర్ కారును ప్రయోగశాలగా జేసికొని పనికి దిగిరి.

ఈ పని యెంత కఠినమో నేటి విద్యార్థులు ఊహింపజాలరు. కావున కొంత వివరించెదను. మొదటి చిక్కు స్థలము. ఇంటి రేడియో మేజాపై నిలుచునట్టిది. కారులోనన్ననో డ్యాష్‌బోర్డును విప్పి దానివెనుక ఇఱికింపవలెను. రెండవది విద్యుత్తు. నాటి కార్లలో పెక్కింటి బ్యాటరీ 6 వోల్టులది. అది రేడియో వాల్వులయందలి తీగను వెలిగించుటకు జాలును గాని, వాల్వు పనిచేయుటకు నూఱు వోల్టులకు మీఱిన శక్తి వేఱుగా గావలెను. ఇందుకై ఎండు బ్యాటరీల వరుసనొకదానిని కారు నేలబల్లను కోసి క్రిందుగా అమర్చుచుండిరి. మూడవది ఏరియలు. ఆ కాలపు కార్ల పైకప్పు మధ్యభాగము ఉక్కుఱేకు గాక గుడ్డయై, దాని క్రింద కోళ్లదడికి గట్టునట్టి తీగవల యుండెడిది. కప్పులోపలి గుడ్డను విప్పి ఆ వలను గాని, క్రొత్తగా పఱచిన తీగను గాని ఏరియలుగా వాడుకొనుచుండిరి. జనరల్ మోటార్సు వారు 1935లో పైకప్పు నంతయు ఉక్కుతో చేయగా ఈ ఉపాయము చెడినది. ఉక్కుఱేకు క్రింది ఏరియలునకు రేడియో తరంగము లందవు గదా! అంతట ఏరియలు కాలిమెట్టు పలకల క్రిందికి దిగినది. నాలుగవది గతుకుల బాట. గాజు వాల్వులును, అతికిన తీగలును ఆ కుదుపులకు తట్టుకొనవలెను.

వీనినన్నిటిని మించినది అయిదవది. ఇంజను నడచినంతసేపు రేడియోలో పాటకు మాఱుగా చిటపట ధ్వని వినవచ్చుచుండెను. దీని కారణము మన భౌతికశాస్త్ర పాఠములోనిదే. పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గునొద్ద వేలకొలది వోల్టుల నిప్పురవ్వ నిమిషమునకు వందలమార్లు పుట్టుచుండును. తొలినాటి తంతిలేని టెలిగ్రాఫు యంత్రములు వార్తలు పంపినదియు ఇట్టి నిప్పురవ్వలతోనే. అనగా నడచుచున్న ప్రతి మోటారుకారును తనకు దెలియకయే రేడియో తరంగములను వెదజల్లుచుండును. ఆ కారులోనే కూర్చున్న రేడియోకు ఆ తరంగములు చికాగో స్టేషనుకంటె బలముగా వినబడును. దీనిని మాన్పుటకు ప్లగ్గుల తీగలయందు నిరోధకములను, డైనమోయొద్ద కండెన్సరును చేర్చి, రేడియోను లోహపు పెట్టెలో మూసి, ఒక్కొక్క రణగొణధ్వని పుట్టుచోటును వెదకి వెదకి అణచవలసివచ్చెను. సంగీతము వినిపించు యంత్రమును చేయుటకంటె చప్పుడు పుట్టకుండ జేయుటయే వారికి పెద్ద పనియైనది.

బండి సిద్ధమగుచుండగా సొమ్ము సున్నకు వచ్చెను. అప్పుకొఱకు గాల్విన్ బ్యాంకి అధికారియొకని నాశ్రయించి, ఒప్పించుటకై ఆయన ప్యాకార్డు కారులో రేడియో నమర్పించెను. అమర్చిన అరగంటకే ఆ ప్యాకార్డు అంటుకొని కాలినదని ఆ సంస్థ కథ చెప్పువారందఱును చెప్పుదురు. అప్పు పుట్టలేదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

నవ్వు దెప్పించు కథయే యైనను ఇందు నవ్వరాని సంగతియు గలదు. బ్యాటరీనుండి వచ్చు తీగ బండి ఇనుపఱేకునకు దగిలినయెడల బ్యాటరీలోని శక్తి యంతయు ఆ తీగలోనే ప్రవహించి దానిని క్షణములో కొలిమిలోని కమ్మివలె కాల్చును. నేడు మన ఆటోనగరులలోని దుకాణములలో పడుచువాండ్రు కార్ల డిక్కీలలో సబ్‌వూఫరు పెట్టెలను, యాంప్లిఫయర్లను బిగింపించుకొనుచున్నారు. గాల్విన్ నాటి అపాయము వీరిని విడువలేదు సరికదా, హెచ్చినది. లెక్క చూడుడు: 600 వాట్టుల శక్తిని పుచ్చుకొను యాంప్లిఫయరునకు 12 వోల్టుల బ్యాటరీనుండి 50 ఆంపియర్ల విద్యుత్ప్రవాహము గావలెను. మన ఇంటిలో తిరుగు 75 వాట్టుల పంకా 230 వోల్టులపై పుచ్చుకొనునది ఆంపియరులో మూడవ వంతు మాత్రమే. అందుచేతనే లావు తీగ కావలెను. ఆ తీగపై ఫ్యూజు బ్యాటరీకి జానెడు రెండు జానల దూరములోనే యుండవలెను. డిక్కీలో యాంప్లిఫయరు ప్రక్కన పెట్టిన ఫ్యూజు యాంప్లిఫయరును కాపాడునేమో గాని నడుమనున్న తీగను కాపాడదు. ఇంజను గదినుండి లోనికి దూరుచోట ఱేకు అంచు తీగను కోయకుండ రబ్బరు వలయము దొడుగవలెను. రెండవ కొనను బండి శరీరమునకు బిగించుచోట రంగు గీకి ఉక్కు మెఱయునట్లు చేయవలెను. లేనిచో అతుకు వేడెక్కును, ధ్వని చెడును. శక్తి తెచ్చు తీగ బండికొక ప్రక్కను, పాట తెచ్చు సన్నతీగ మఱియొక ప్రక్కను పోవలెను. రెండును ఒకే దారిని బోయినచో ఇంజను వేగముతోపాటు హెచ్చుచు తగ్గుచు నుండు ఈల యొకటి స్పీకర్లలో బయలుదేఱును. స్టుడిబేకర్‌లోని చిటపట ధ్వనికి ఇది మనుమరాలు. సబ్‌వూఫరు పలుకునది సెకనుకు సుమారు ఎనుబది కంపనములకు లోపలి స్వరములు, అనగా డోలు గుమికి. నాటి రేడియోలోని ఒంటి స్పీకరునకు ఆ లోతు అందెడిది కాదు. గాజులు వణకునట్లు వినుటయందు నాకు రుచి లేదు. ఐనను ఆ పెట్టెను చక్కగా బిగించువాని నేర్పును నేను తక్కువగా నెంచను.

మరల గాల్విన్‌వద్దకు వత్తము. 1930 జూన్ నెలలో న్యూజెర్సీ రాష్ట్రమందలి అట్లాంటిక్ సిటీలో రేడియో తయారుచేయువారి మహాసభ జరుగనుండెను. చికాగోనుండి సుమారు 800 మైళ్లు. అచ్చట అంగడి పుచ్చుకొనుటకు గాల్విన్‌వద్ద సొమ్ము లేదు. అతడు స్టుడిబేకర్ నెక్కి, దారి పొడవునను రేడియో పాడుచుండగా సముద్రతీరమున నున్న ఆ పట్టణమును జేరెను. సభామందిరమునకు చేరువను కారు నిలిపి, స్పీకరు ధ్వనిని దారిన బోవువారికెల్ల వినబడునట్లు హెచ్చించి, వచ్చిపోవు వర్తకులను పిలిచి లోపల కూర్చుండబెట్టి వినిపించెను. హార్వర్డు స్టేషనులోని పేలాల పిల్లవాడే మఱల ప్రత్యక్షమైనట్లున్నది! లోపల దీపతోరణముల నడుమ సరకు పేర్చుకొన్నవారు పలువురుండగా, వెలుపల ఎండలో నిలిచిన ఈతడు సంస్థ నిలుచుటకు చాలినన్ని ఆర్డర్లను సంపాదించెను.

ఆ రేడియోకు పెట్టిన పేరు మోటరోలా. మోటారు అను మాటకు, నాటి గ్రామఫోను పెట్టెల పేళ్ల చివర వాడుకలోనున్న తోకను చేర్చి గాల్విన్ కల్పించినదే యీ పదము. 5టి71 అను మొదటి నమూనా వెల 110 మొదలు 130 డాలర్ల వఱకు నుండెను.

కాని అమ్ముటతో పని తీఱలేదు. అంగడినుండి పెట్టెను దెచ్చుకొన్నవాడు దానిని తానై బిగించుకొనలేడు. బిగింపు చెడినచో నింద మోటరోలాకే వచ్చును. గాల్విన్ ఈ సంగతిని ఇతరులకంటె ముందుగా గుర్తెఱిగెను. ఊరూర నమ్మకమైన బిగింపుశాలలను ఏర్పఱచుట, 1934లో గుడ్‌రిచ్ టైర్ల కంపెనీతో ఒప్పందము చేసికొని వారి దుకాణములలోనే అమ్మించి బిగింపించుట ఇందుకై చేసినవే. అప్పటికి బిగింపు కూలితో సహా వెల 55 డాలర్లకు దిగెను. కారులోని బ్యాటరీ నుండియే హెచ్చు వోల్టులను పుట్టించు వైబ్రేటరను సాధనము వాడుకలోనికి రాగా నేలబల్లలను కోయు బాధయు తప్పెను.

ఎదిరించినవారును లేకపోలేదు. నడుపువాని చిత్తము పాటపై బోయి బండి చెట్టునకు దగులునని భయపడి, మసాచుసెట్స్ రాష్ట్రమునందును, సెయింట్ లూయీ నగరమునందును కార్లలో రేడియోలను నిషేధింపవలెనని ప్రతిపాదనలు వచ్చెను. ఆ భయము పూర్తిగా పసలేనిదని నేననజాలను. రేడియో నిషేధింపబడలేదు గాని, చెవియు చేయియు వేఱొకచోట నుండగా బండి నడుపువారిని నేడును మన రహదారులపై చూచుచున్నాము.

తరువాతి చరిత్ర బహుళముగా దెలిసినదే గావున క్లుప్తముగా జెప్పెదను. 1936లో పోలీసు బండ్లకై ప్రత్యేక రేడియోను చేసిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఒంటిచేత బట్టుకొను హ్యాండీ టాకీని, డేనియల్ నోబుల్ ఆధ్వర్యవమున వీపున మోయు వాకీ టాకీని ఈ సంస్థయే సైన్యమునకు సమకూర్చెను. వీపుపైదాని బరువు సుమారు 35 పౌనులు. ఆ యుద్ధకాలమునందే, 1942 అక్టోబరులో, గాల్విన్ భార్య లిలియన్ తమ ఇంటిలో దుండగులచేత హతురాలయ్యెను. ఆ దుఃఖము నడుమనే కర్మాగారము నడచెను. 1947లో సంస్థ తన రేడియో పేరునే తన పేరుగా స్వీకరించెను. 1959 నవంబరు 5వ తేదీన పాల్ గాల్విన్ తన అఱువదినాలుగవ యేట రక్తపు క్యాన్సరువలన కాలధర్మము నొందెను. అప్పటికి కుమారుడు రాబర్టు సంస్థాధ్యక్షుడుగా నుండెను. చికాగోలోని ఇల్లినాయ్ సాంకేతిక విద్యాలయపు గ్రంథాలయమునకు పాల్ గాల్విన్ పేరు పెట్టియున్నారు.

స్టుడిబేకర్‌లో తలదూర్చి పనిచేసిన ఆ ఇరువురి మాటయు చెప్పవలెను. వేవరింగ్ మోటరోలాలోనే యుండి అధ్యక్షపదవి నధిరోహించెను. పాత డైనమోకు బదులుగా కార్లలో ఆల్టర్నేటరును ప్రవేశపెట్టుటకు కృషిచేసినవారిలో నతడొకడు. నేటి యాంప్లిఫయర్లు కోరునంత విద్యుత్తును పాత డైనమోలు పుట్టింపలేక పోయెడివి. లియర్ విమానములవైపు మఱలి, తన పేరుగల జెట్ విమానమును నిర్మించి, మరల కారు సంగీతమునకు వచ్చి ఎనిమిది జాడల టేపుపెట్టెను కల్పించెను. 1965లో ఫోర్డు కంపెనీవారు తమ క్రొత్త కార్లలో దానిని ప్రవేశపెట్టినపుడు, ఆ పెట్టెను పాడించు యంత్రములను చేసి యిచ్చినది మోటరోలాయే.