నాలుగు సంఖ్యల రహస్యం – సర్ విలియం రోవన్ హామిల్టన్

కంప్యూటర్ తెరపై ఒక యంత్రభాగాన్నో, భవన నమూనానో త్రిపరిమాణంలో నిర్మించి, మౌస్ కదలికతో అన్ని దిక్కులకూ త్రిప్పి చూడడం నేటి విద్యార్థికి పరిచితమైన పనియే. ఆ భ్రమణానికి ఆధారమైన గణితం కంప్యూటర్ పుట్టక పూర్వమే, ఐర్లండు దేశంలో ఒక కాలువ గట్టున రూపుదాల్చిందని మనలో ఎందరెరుగుదుము? దానిని ప్రసాదించిన సర్ విలియం రోవన్ హామిల్టన్ జీవితాన్ని సంగ్రహంగా స్మరించుకొందాము.

హామిల్టన్ 1805 ఆగస్టు 4న డబ్లిన్ నగరంలో జన్మించి, ట్రిమ్ అనే ఊరిలో తండ్రి సోదరుని వద్ద పెరిగారు. బాల్యంలోనే గ్రీకు, లాటిన్ భాషలతోపాటు అరబీ, ఫారసీ, సంస్కృతం, హిందుస్తానీ భాషలను కూడ అభ్యసించారు. ఉర్దూ, తెలుగు ఒకే ప్రాంగణంలో వినిపించే మన కళాశాలకు ఇది ముచ్చట గొలిపే విషయం. ట్రినిటీ కళాశాలలో పట్టభద్రులు కాకమునుపే, 1827లో, అక్కడనే ఖగోళశాస్త్ర ఆచార్యులుగా నియమితులై డన్‌సింక్ వేధశాలలో నివసించారు. 1835లో సర్ బిరుదం పొందారు.

సమతలంలో భ్రమణాన్ని రెండేసి సంఖ్యల జంటల గుణకారంతో సూచించవచ్చును. అట్లే అంతరాళానికి మూడేసి సంఖ్యలు చాలునని భావించి హామిల్టన్ ఏళ్ల తరబడి శ్రమించారు. గుణకారం కుదిరినదా అని కుమారులు ఉదయమే అడుగుట, కూడికలు, తీసివేతలే వచ్చునని తండ్రి విచారంగా బదులిచ్చుట ఆ ఇంట పరిపాటి అయింది.

1843 అక్టోబరు 16న భార్యతో కలిసి రాయల్ కాలువ వెంట రాయల్ ఐరిష్ అకాడమీ సమావేశానికి నడచిపోతుండగా, కావలసినవి మూడు కాదు, నాలుగు సంఖ్యలని ఆయనకు స్ఫురించింది. వెంటనే బ్రూమ్ వంతెన రాతిపై కత్తితో ఆ సూత్రాన్ని చెక్కారు. అవే క్వాటర్నియన్లు.

అయితే ఇందుకొక మూల్యం చెల్లించవలసివచ్చింది. గుణకారంలో క్రమం మారినా ఫలితం మారదన్న అనాది నియమాన్ని ఆయన విడనాడవలసివచ్చింది. అందులోని సత్యాన్ని మనమే పరీక్షించవచ్చును. బల్లపై పుస్తకాన్ని నిలబెట్టి మొదట ముందుకు, పిదప కుడికి పావు చుట్టు చొప్పున త్రిప్పుదము. మరల మొదట కుడికి, పిదప ముందుకు త్రిప్పుదము. పుస్తకం రెండుసార్లూ ఒకే తీరున నిలువదు!

హామిల్టన్ 1865 సెప్టెంబరు 2న కీర్తిశేషులైనారు. ఆయన బృహద్గ్రంథం మరుసటి ఏడు వెలువడింది. కాని గిబ్స్, హెవిసైడ్ పండితుల సదిశ పద్ధతి ప్రచారంలోకి రాగా క్వాటర్నియన్లు మరుగునపడ్డాయి.

కంప్యూటర్ చిత్రకళ వాటికి పునర్జన్మ నిచ్చింది. వస్తువును మూడు కోణాలతో వరుసగా త్రిప్పే పద్ధతిలో, మధ్య కోణం 90 డిగ్రీలు కాగానే రెండు అక్షాలు ఏకమై, ఒక దిశలో త్రిప్పే స్వేచ్ఛ నశిస్తుంది. క్వాటర్నియన్లకు ఈ చిక్కు లేదు. 1985లో కెన్ షూమేక్ వీటితో వస్తువులను సాఫీగా త్రిప్పే విధానాన్ని ప్రకటించారు. నేడు బ్లెండర్ వంటి సాధనాలలో ఇవి నిత్యోపయోగంలో ఉన్నాయి.

వంతెనపై చెక్కిన గీతలు చెరిగిపోయాయి, భావం నిలిచింది. విడువవలసిన నియమాన్ని విడిచే ధైర్యం కూడ విద్యలో భాగమేనని ఈ జీవితం మనకు బోధిస్తున్నది.