గన్నవరపు అన్నపూర్ణ

గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న కోనసీమలో నూరేండ్లకు పూర్వము ప్రయాణ మనగా ఎట్టిదో నేటి చదువరులకు ఊహింప కష్టము. రైలు లేదు, మంచి బాట లేదు. ఏ దిక్కునుండి వచ్చినను ఏదో యొక పాయ దాటవలెను. గోదావరికి వరద వచ్చినచో పడవలు రేవునకు కట్టుబడియుండును. బాటసారులకు కాసు చెల్లించి అన్నము తినుటకు పూటకూళ్లిండ్లైనను అన్నిచోట్ల లేవు. అంతర్వేది తీర్థమునకు పోవువారు, వేదము చెప్పుకొన పోవు పిల్లలు, వ్యాజ్యములకై తిరుగువారు, పెండ్లివారు, బిచ్చగాండ్రు, వీరందఱును వైనతేయ యొడ్డుననున్న లంకల గన్నవరము చేరుసరికి ఆకలితోనే చేరుచుండిరి. ఆ యూర నొక యింట పొయ్యి ఆఱదని వారెఱుగుదురు. ఆ యిల్లు డొక్కా సీతమ్మగారిది.

ఆమె 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించెను. తండ్రి అనప్పిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. తండ్రి అడిగినవారికెల్ల అన్నము పెట్టుటచేత ఊరివారాయనను బువ్వన్నగారని పిలుచుచుండిరట. తల్లి చిన్ననాడే పోవుటచే ఇంటిపని బాలిక మీదనే పడెను. గన్నవరపు భూస్వామియైన జోగన్నగారు ఒకప్పుడు ఆ యింట భోజనముచేసి, అతిథుల నాదరించిన ఆ పిల్ల యొద్దికను చూచి, తరువాత ఆమెను వివాహమాడెను. కూతురు అత్తవారింటికి పోవునప్పుడు ఆభరణములు పెట్టుట లోకాచారము. సీతమ్మగారు మాత్రము పుట్టింటి ఆచారమునే వెంట తీసికొనిపోయెనని చెప్పవలెను.

జోగన్నగారు కలవారు; పాడిపంటలకు కొదువలేదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగియుటయు, పిమ్మట గన్నవరమువద్ద వైనతేయమీద 49 కమానుల వంతెన కట్టి కాలువను నది యావలి లంకకు దాటించుటయు ఈ దంపతుల కాలముననే జరిగెను. కాలువ నీటితో మాగాణి పెరిగెను, గాదెలు నిండెను. అట్లు నిండిన గాదెలు కోనసీమలో అనేకము కలవు. అందఱి గాదెలును పరులకొఱకు తెఱవబడలేదు గదా!

అన్నదాన మనగానే మనకు సత్రము, దానిగోడమీద దాత పేరు, గుమాస్తా, లెక్కలపుస్తకము జ్ఞప్తికి వచ్చును. ఇక్కడ అవియేవియు లేవు. వంట యిల్లాలి వంట. ఆ దినములలో బియ్యపు మరలు లేవు. ధాన్యము దంపవలెను, చెఱగవలెను. వర్షాకాలమున తడికట్టెలు ఊది ఊది మంట లేపవలెను. పగలంతయు వడ్డించి నడుము వాల్చిన తరువాత అర్ధరాత్రమున నలుగురు వాకిట నిలిచి పిలిచినచో, లేచి మఱల ఎసరు పెట్టవలెను. ఈ పని యొకనాడు చేసినవారు ఎందఱో కలరు. సీతమ్మగారు నలుబది యేండ్లకు పైబడి చేసెను. వచ్చినవాని కుల మేదియని గాని, వేళకాని వేళ ఏల వచ్చితివని గాని అడుగలేదని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. ఒక వానరాత్రి నది యావలనుండి ఎవడో ఆకలియని కేకలు వేయగా, ఆమె అన్నము కట్టియీయ జోగన్నగారు పడవమీద పోయి ఇచ్చివచ్చెననియు ఒక కథ కలదు. భార్య దానశీలమునకు భర్త అడ్డుపడని యిల్లు గనుకనే ఇది సాగెను. ఈ యశమున ఆయన పాలు ఆయన కీయవలెను.

ఆస్తి తఱుగకుండునా? పెట్టిన చేతికి సిస్తు తప్పదు. పంట పోయిన యేడును అతిథులు తగ్గరు. ఒకానొకప్పుడు సంసారము చిక్కులలో పడినదనియు, అంతట పొలములో లంకెబిందె దొరకెననియు చెప్పుదురు. లంకెబిందెను నమ్మువారు నమ్ముదురు గాక. భూములు కలిగిన మన చదువరులకు ఆ కథ పూర్వభాగమే ఎక్కువ తెలియును: గాదె అడుగు కనబడుచుండగా గూడ వాకిలి మూయకుండుట ఎంత ధైర్యమో వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆమెకు కోరిక లేకపోలేదు. అంతర్వేది నరసింహస్వామిని సేవింపవలెనని చిరకాలము తలచి, ఎట్టకేలకు ఒకనాడు పల్లకిలో బయలుదేరెను. దారిలో బోయీలు దింపి విశ్రమించుచుండగా, ఎదురుగ వచ్చిన యొక పెండ్లిబృందములో పిల్లలు ఆకలికి ఏడ్చుటయు, ఇంక కొంత దూరము నడచినచో గన్నవరములో సీతమ్మగారింట అన్నము దొరకునని పెద్దలు వారి నూరడించుటయు ఆమె చెవిని పడెను. పల్లకి వెనుకకు తిరిగెను. వారు చేరులోపల ఆమె చేరి వంట ముగించెను. స్వామిదర్శనము తప్పినదని ఆమె విచారించినట్లు ఎవరును చెప్పరు.

1876–78 సంవత్సరములలో మదరాసు రాజధానిని ధాత కరవు పీడించెను. గోదావరి డెల్టా ఆనకట్ట నీటివలన చాలవరకు తప్పించుకొనెను. ఆ కరవుపనులలో 1877లో దొరతనమువారు మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా మాత్రమే చాలునని నిర్ణయించిరి. ఆ దొరతనమువారే 1903 జనవరి 1వ తేదీని ఢిల్లీ దర్బారు సందర్భమున, ఏడ్వర్డు చక్రవర్తి పేర, బీదలకు అన్నము పెట్టినందుకై సీతమ్మగారికి యోగ్యతాపత్రిక నిచ్చిరి. పౌనులతో తూచినవారు, తూకమే యెఱుగని యామెను మెచ్చిరి! అప్పటికి జోగన్నగారు గతించిరి. ఉత్సవమునకు రమ్మని పిలువగా ఆమె పోలేదనియు, అధికారులు ఆమె ఛాయాపటము తీయించి, దానినే ఆసనముపై నుంచి గౌరవించిరనియు ప్రసిద్ధి. పటమునకైనను ఆమె సులభముగ ఒప్పుకొనలేదట. ఆనాడు గన్నవరములో విస్తళ్లు ఎప్పటివలెనే పడియుండును.

వైధవ్యములోను, వార్ధకములోను నియమము మాఱలేదు. చేయి వణకిన దినములలోను వడ్డన తానే చూచుకొనెను. తనకు లోటున్నదని చెప్పగా విన్నవారు లేరు. 1909 ఏప్రిలులో, 67 ఏండ్లు నిండి 68వ యేట, ఆ గన్నవరములోనే ఆమె కన్నుమూసెను.

పాత కమానుల వంతెన చెంత 2000 ప్రాంతమున కట్టిన క్రొత్త వంతెనకు ఆమె పేరే పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆ పేరే ఉంచెను. బడిమెట్లు ఎక్కని తల్లి పేర నేడు బడులలో పిల్లలు భోజనమునకు కూర్చుండుచున్నారు.