డార్విను మహాశయుడు

చార్లెస్ డార్విను 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండు దేశమందలి ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి పేరుపొందిన వైద్యుడు. కుమారుడును వైద్యుడు కావలెనని ఆయన అతనిని ఎడింబరో నగరమునకు పంపెను. మత్తుమందు లేని ఆ కాలపు శస్త్రచికిత్సలను చూడజాలక డార్విను ఆ చదువును విడిచెను. సముద్రతీరమున దొరకు చిన్న ప్రాణులను పరిశీలించుటయందే అతని మనస్సు లగ్నమైయుండెను.

1831 డిసెంబరు 27న అతడు బీగిల్ అను నౌకలో ప్రపంచయాత్రకు బయలుదేరెను. అలల తాకిడికి తల త్రిప్పి బాధపడుచున్నను పని మానలేదు. గుడ్డతో సంచివంటి వలను కుట్టి, ఓడ వెనుక నీటిలో ఈడ్పించెను. తీరమునకు బహుదూరమున సైతము అందు చిక్కిన సూక్ష్మజీవుల వింత రూపములను చూచి ఆశ్చర్యపడెను.

1835లో నౌక గాలపాగస్ దీవులను చేరెను. అచ్చట మనిషిని మోయగల పెద్ద తాబేళ్లుండెను. తాబేటిని చూచి అది ఏ దీవిదో చెప్పవచ్చునని అచ్చటి అధికారి తెలిపెను. డార్విను మొదట ఆ మాటను లెక్కసేయలేదు. నావికులు ఆహారమునకై పెక్కు తాబేళ్లను ఓడకెక్కించిరి. వాటి మాంసమును డార్వినును తినెను. డిప్పలు సముద్రము పాలయ్యెను. ఆ మాట విలువ అతనికి తరువాతగాని తెలియలేదు.

స్వదేశము చేరిన పిమ్మట, 1846 మొదలు ఎనిమిది సంవత్సరములు, రాళ్లకును ఓడల అడుగులకును అంటుకొనియుండు బార్నకిల్ అను జీవులను సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఒకే జాతి ప్రాణులందును స్వల్ప భేదములుండునని గ్రహించెను. పరిసరములకు తగిన భేదములు గల ప్రాణులు మిగిలి సంతానము పొందుననియు, తరతరములకు ఆ భేదములు పేరుకొని క్రొత్త జాతులేర్పడుననియు 1859లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. పలువురు పరిహసించిరి. అతడు ఓర్పుతో సాక్ష్యములను కూర్చుచునేయుండెను.

ఒక జాతి రూపొందుటకు యుగములు పట్టును; నశించుటకు కొన్ని యేండ్లు చాలును. మారిషస్ దీవి పెద్ద తాబేళ్లను నావికులును వలసవచ్చినవారును అప్పటికే రూపుమాపిరి. హిందూ మహాసముద్రమందలి ఆల్డాబ్రా దీవిలోని తాబేళ్లకును ఆ గతియే పట్టునను భయము కలిగెను. 1874లో డార్విను ఇతర శాస్త్రజ్ఞులతో కలిసి, వాటిని కాపాడవలెనని మారిషస్ గవర్నరునకు విజ్ఞాపనపత్రము పంపెను. పడుచుదనమున తాబేటి మాంసము తినిన చేయియే ముదిమిలో వాటి రక్షణకై సంతకము చేసెను.

డార్విను 1882 ఏప్రిల్ 19న మరణించెను. ఆల్డాబ్రా 1982లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. నేడును అచ్చట వేలకొలది తాబేళ్లు సంచరించుచున్నవి. మారిషస్ తాబేళ్లు మాత్రము మరల రాలేదు.