ఆలస్యంగా తెలిసిన నిష్క్రమణ: సి భాషా నిర్మాత డెనిస్ రిచీ

2011 అక్టోబర్ 5న ఆపిల్ సంస్థ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ కన్నుమూశారు. ఆ వార్త దేశదేశాల పత్రికలలో పతాక శీర్షిక అయింది. సరిగ్గా వారం తరువాత, అక్టోబర్ 12న, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం బర్క్‌లీ హైట్స్‌లో ఒంటరిగా నివసిస్తున్న 70 ఏళ్ల శాస్త్రవేత్త తన ఇంట్లో మరణించి ఉండగా గుర్తించారు. ఆయన డెనిస్ మెక్‌అలిస్టర్ రిచీ. జాబ్స్ ప్రపంచానికి అందించిన ఫోన్లూ కంప్యూటర్లూ నడిచేది యునిక్స్ వంశానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్ మీద. ఆ యునిక్స్ నిర్మాతలలో రిచీ ఒకరు. దాన్ని రాసిన సి భాషను రూపొందించినది కూడా ఆయనే. అయినా ఆ వార్త చాలా దేశాలలో లోపలి పేజీలకే పరిమితమైంది. పూర్వ సహచరుడు రాబ్ పైక్ ఒక సామాజిక మాధ్యమంలో రాసిన కొద్ది వాక్యాల ద్వారానే చాలామందికి విషయం తెలిసింది.

ఒకరి ముగింపు మరొకరికి ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్న రిచీ వృత్తి జీవితంలో మొదటి నుంచీ ఉంది. ఒక ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ ఆగిపోతే, దాని కోసం ఎదురుచూస్తున్న మరో ప్రోగ్రామ్‌కు ఆ సంగతి చేరేదెలా? వినడానికి చిన్న విషయంగా తోస్తుంది. వేర్వేరు యంత్రాల మీద, వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ఒకే సి ప్రోగ్రామ్ నడవాలని కోరుకునేవారికి ఇది నేటికీ తలనొప్పే.

రిచీ 1941 సెప్టెంబర్ 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో జన్మించారు. తండ్రి అలిస్టర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. టెలిఫోన్ వ్యవస్థలకు ప్రాణమైన స్విచింగ్ సర్క్యూట్ల రూపకల్పనపై వెలువడిన ప్రామాణిక గ్రంథానికి సహ రచయిత. న్యూజెర్సీలోని సమ్మిట్ పట్టణంలో పెరిగిన రిచీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పట్టా పొంది, అక్కడే అనువర్తిత గణితంలో పరిశోధన చేశారు.

ఆ పరిశోధనాంశం గమనించదగ్గది. ఇచ్చిన ప్రోగ్రామ్ ఎప్పటికైనా ఆగుతుందా, ఆగదా అని ముందుగా తేల్చి చెప్పగల సార్వత్రిక పద్ధతి ఉండదని అలన్ ట్యూరింగ్ 1936లోనే నిరూపించారు. రిచీ, ఆయన సహ విద్యార్థి ఆల్బర్ట్ మేయర్ ఎంచుకున్నది ఆ సమస్యకు అవతలి గట్టు. ఏ పనినైనా ఎన్నిసార్లు తిరిగి చేయాలో మొదలుపెట్టక ముందే నిర్ణయించే ప్రోగ్రామ్‌లను వారు పరిశీలించారు. అలాంటివి తప్పనిసరిగా ఆగుతాయి. ఎంత సేపటిలోగా ఆగుతాయన్నది కూడా వాటి నిర్మాణం చూసి అంచనా కట్టవచ్చు. 1968 నాటికి సిద్ధాంత గ్రంథం పూర్తయింది. అయితే బైండు చేసిన ప్రతిని విశ్వవిద్యాలయానికి సమర్పించే లాంఛనాన్ని రిచీ పూర్తి చేయలేదు. డాక్టరేట్ పట్టా ఆయనకు రాలేదు. అది లేని లోటు ఆయనకు ఎక్కడా ఎదురైనట్టు కనిపించదు.

1967లోనే ఆయన తండ్రి పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లో చేరారు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, జనరల్ ఎలక్ట్రిక్‌లతో కలిసి బెల్ ల్యాబ్స్ చేపట్టిన మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ పథకం అప్పటికి నత్తనడక నడుస్తోంది. 1969లో బెల్ ల్యాబ్స్ దాని నుంచి తప్పుకుంది. సహచరుడు కెన్ థాంప్సన్ ఒక మూలన పడి ఉన్న పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్‌ను తీసుకుని కొత్త వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. రిచీ ఆయనకు తోడయ్యారు. అదే యునిక్స్.

తొలినాటి యునిక్స్‌లో రెండు టెర్మినళ్లకు రెండే ప్రాసెస్‌లు. నడుస్తున్న ప్రోగ్రామ్‌కు ఆ రంగంలో వాడే పేరు ప్రాసెస్. వాడుకరి ఇచ్చే ఆదేశాలను అందుకునే షెల్ అనే ప్రోగ్రామ్, ఆదేశం రాగానే ఆ పని చేసే ప్రోగ్రామ్‌కు తన చోటు ఇచ్చి తాను చెరిగిపోయేది. పని ముగిశాక షెల్‌ను మళ్లీ డిస్క్ నుంచి తెచ్చి నిలబెట్టేవారు. ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడరు కనుక ముగింపును కనిపెట్టే అవసరమే లేదు.

ఫోర్క్ వచ్చాక పరిస్థితి మారింది. నడుస్తున్న ప్రాసెస్ తన నకలును పుట్టించే సదుపాయం అది. పీడీపీ-7 మీద దానికి పట్టినవి 27 వరసల అసెంబ్లీ కోడ్ మాత్రమే అని రిచీ తరువాత నమోదు చేశారు. అప్పటి నుంచి షెల్ చెరిగిపోనక్కరలేదు. పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి, పని అప్పగించి, అది ముగిసేదాకా వేచి ఉంటే చాలు. కానీ ముగిసిందని తెలిసేదెలా?

నాడు వారు వాడిన ఉపాయం తమాషాగా ఉంటుంది. ప్రాసెస్‌లు పరస్పరం సందేశాలు పంపుకునే సదుపాయం ఒకటి ఉండేది. షెల్ తన పిల్ల ప్రాసెస్‌కు ఒక సందేశం పంపి, అది అందుకునే వరకు ఆగి ఉండేది. పిల్ల ప్రాసెస్ ఆ సందేశాన్ని ఎన్నడూ చదవదు. తన పని తాను చేసుకుని ముగిసిపోతుంది. ఆ క్షణాన, ఆ చిరునామాలో ఎవరూ లేరన్న తప్పిదపు సూచన షెల్‌కు తిరిగి వస్తుంది. చిరునామాదారు లేరని తిరుగు టపాలో వచ్చిన ఉత్తరమే మరణవార్త అయిందన్నమాట. ఇందులో ఒక లోపం ఉందని రిచీ దాచకుండా రాశారు. పిల్ల ప్రాసెస్ పొరపాటున ఆ సందేశం చదివితే, అది బతికి ఉండగానే ముగిసిందని షెల్ భ్రమపడి తదుపరి ఆదేశానికి వెళ్లిపోతుంది. సందేశాలకు మరే గట్టి అవసరమూ కనిపించకపోవడంతో వాటిని తొలగించి, వాటి స్థానంలో వెయిట్ అనే సూటి ఆదేశాన్ని తెచ్చారు. పిల్ల ముగిసేదాకా తల్లిని ఆపి, ముగిశాక అది ఎలా ముగిసిందో చెప్పడమే దాని పని.

ఫోర్క్ తెచ్చిన మరో చిక్కును కూడా రిచీ సరదాగా గుర్తు చేసుకునేవారు. ఒక డైరెక్టరీ నుంచి మరో డైరెక్టరీకి మారే ఆదేశం ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. అందరూ కోడ్ తిరగేశారు. చివరకు తెలిసిందేమంటే, ఆ ఆదేశం నిక్షేపంగా పనిచేస్తూనే ఉంది. మారుతున్నది పిల్ల ప్రాసెస్, అది మరుక్షణమే ముగిసిపోతోంది, తల్లి మాత్రం ఉన్నచోటే ఉంటోంది.

వెయిట్‌తో పాటే కొన్ని చిత్రమైన పరిణామాలు వచ్చాయి. ముగిసిన ప్రాసెస్ వివరాన్ని తల్లి వచ్చి అడిగేదాకా వ్యవస్థ తన పట్టికలో ఉంచుతుంది. కుటుంబ సభ్యులు వెళ్లి తీయించేదాకా మరణించిన వ్యక్తి పేరు రేషన్ కార్డులో కొనసాగినట్టే ఇది. అలా మిగిలిన వాటిని జాంబీలంటారు. తల్లి ముందే ముగిసిపోతే అనాథలైన పిల్లలను సంప్రదాయంగా 1వ నంబరు ప్రాసెస్ దత్తత తీసుకుంటుంది. అయితే వెయిట్ కన్నతల్లికి మాత్రమే పనికొస్తుంది. సంబంధం లేని ప్రాసెస్ ముగింపును తెలుసుకునే హక్కు దానివల్ల ఇతరులకు రాదు.

1971 నుంచి 1973 మధ్య రిచీ సి భాషను తీర్చిదిద్దారు. థాంప్సన్ రూపొందించిన బి భాష దానికి ఆధారం. 1973లో యునిక్స్ కేంద్రభాగాన్ని సి భాషలో తిరగరాశారు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆ యంత్రపు అసెంబ్లీ భాషలోనే రాయాలని భావించిన కాలమది. 1977లో స్టీవ్ జాన్సన్‌తో కలిసి, పీడీపీ-11కు పూర్తి భిన్నమైన ఇంటర్‌డేటా 8/32 యంత్రానికి యునిక్స్‌ను తరలించే పనిలోకి దిగారు. ఒక యంత్రంలో రాసింది మరో యంత్రంలో నడవాలన్న ఆశయం అక్కడ ఆచరణలోకి వచ్చింది. 1978లో బ్రయాన్ కెర్నిగన్‌తో కలిసి రాసిన సి భాషా గ్రంథం వెలువడింది. హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల నుంచి ఇంజనీరింగ్ కళాశాలల మొదటి సంవత్సరం తరగతుల దాకా, తెలుగు విద్యార్థులు తరాలుగా కోడ్ రాయడం మొదలుపెట్టింది ఈ భాషతోనే.

ఇక్కడే ఒక వైచిత్రి ఉంది. 1989లో ఖరారైన సి ప్రమాణంలో ప్రోగ్రామ్ తన ముగింపును ప్రకటించుకునే ఎగ్జిట్ ఉంది. ఒక ఆదేశాన్ని బయట నడిపించమని కోరే సిస్టమ్ అనే సదుపాయమూ ఉంది. అంతకు మించి మరో ప్రాసెస్ అన్న ఊహే అందులో లేదు. ఫోర్క్, వెయిట్ రెండూ యునిక్స్ సొత్తు. భాషలో భాగం కావు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ వేరే దారి పట్టింది. అక్కడ తల్లీ పిల్లల బంధంతో పనిలేదు. అనుమతి ఉన్న ఎవరైనా ఒక ప్రాసెస్‌కు హ్యాండిల్ తీసుకుని దాని ముగింపు కోసం వేచి ఉండవచ్చు. యునిక్స్‌లో పరాయి ప్రాసెస్ సంగతి తెలియాలంటే, ఆ నంబరుతో ఎవరైనా ఉన్నారా అని మాటిమాటికీ వాకబు చేయడమే చాలాకాలం దిక్కయింది. అందులోనూ ప్రమాదం ఉంది. వాడకం ఆపేసిన ఫోన్ నంబరు కొంతకాలానికి మరొకరికి కేటాయించినట్టే, ముగిసిన ప్రాసెస్ నంబరు కొత్తదానికి దక్కవచ్చు. పలికింది కదా అని పాతదే బతికి ఉందనుకుంటే మోసపోతాం.

అనుభవజ్ఞులు అందుకే పైపు ఉపాయాన్ని ఆశ్రయిస్తారు. రెండు ప్రాసెస్‌ల మధ్య ఒక పైపు తెరిచి, రాసే కొసను గమనించవలసిన ప్రాసెస్ చేతిలో ఉంచుతారు. అది సజావుగా ముగిసినా, అర్ధంతరంగా కూలినా, వ్యవస్థ దాని చేతిలోని కొసలన్నింటినీ మూసివేస్తుంది. చదివే వైపున్నవారికి ఇక ఏమీ రాదన్న సూచన అందుతుంది. విండోస్‌లోనూ ఈ కిటుకు చెల్లుతుంది. ఆ కొస మనవళ్ల చేతిలోకి కూడా వెళ్లకుండా చూసుకోవాలి. వెళ్తే వారు ముగిసేదాకా సూచన రాదు. ఫ్రీబీఎస్‌డీ 2000లో క్యూ రూపంలో, లినక్స్ 2019లో ప్రాసెస్‌నే ఫైలులా తెరిచి కనిపెట్టే రూపంలో మెరుగైన మార్గాలు తెచ్చాయి. ప్రతిదాన్నీ ఫైలులా చూడాలన్నది యునిక్స్ తొలి రోజుల ఆలోచనే. పరిష్కారం అర్ధ శతాబ్దం తిరిగి అక్కడికే చేరింది.

రిచీకి, థాంప్సన్‌కు కలిపి 1983లో ట్యూరింగ్ పురస్కారం, ఆ తరువాత అమెరికా జాతీయ సాంకేతిక పతకం లభించాయి. ప్లాన్ 9, ఇన్ఫర్నో వ్యవస్థలలోనూ ఆయన పాత్ర ఉంది. ఆర్భాటం గిట్టని మనిషి. మధ్యాహ్నం వేళ ఆఫీసుకు వచ్చి, రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసే అలవాటు. పాత టేపులలో మిగిలిన తొలి సి కంపైలర్లను వెలికితీసి అందరికీ అందుబాటులో ఉంచారు. 2007లో పదవీ విరమణ చేశారు. 2011 జపాన్ పురస్కారం ప్రకటించినా, ఆ మార్చిలో వచ్చిన భూకంపం, సునామీల కారణంగా టోక్యో వేడుక రద్దయింది. మే నెలలో ముర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లోనే దాన్ని అందజేశారు. అప్పటికే ఆయన ఆరోగ్యం క్షీణించింది.

అదే ఏడాది నవంబర్‌లో విడుదలైన లినక్స్ పంపిణీ ఫెడోరా 16ను ఆయన స్మృతికి అంకితం చేశారు. హార్వర్డ్‌కు సమర్పించని సిద్ధాంత గ్రంథం, తప్పక ఆగే ప్రోగ్రామ్‌ల గురించి యువకుడిగా ఆయన రాసినది, 2020లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా వెలుగు చూసింది.